ఎదురుగాలికి మాట ఎందుకు అందదు? కదిలే గాలిలో శబ్దానికి కట్టే లెక్కలు

ఎదురుగాలికి ఎంత అరిచినా అవతలివాళ్లకు వినపడదు. అదే గాలివాలున నిలబడ్డవాళ్లకు మామూలు మాట కూడా అందుతుంది. ఎందుకని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: గాలి శబ్దాన్ని మోసుకుపోతుంది కాబట్టి. వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేసి చూస్తే మాత్రం ఆ జవాబు నిలవదు, పైగా తలకిందులవుతుంది.

గాలిమరల చప్పుడు మీదా, డ్రోన్ల రొద మీదా, విమానాల మోత మీదా వాదన వచ్చిన ప్రతిసారీ ఈ లెక్కలు బయటికి వస్తాయి. ఒక నివేదిక ఒక మోడల్ వాడుతుంది, ఇంకోటి ఇంకో మోడల్ వాడుతుంది, అంకెలు కలవవు. ఎవరో అబద్ధం ఆడుతున్నారని అనుకోవడం తేలిక. చాలాసార్లు సంగతి అది కాదు. కదిలే గాలిలో ఏది గాలి, ఏది శబ్దం అని విడదీసే గీత లెక్క వేసేవాళ్లు గీసుకున్నది. ఒక్కొక్కరు ఒక్కోచోట గీస్తారు.

ముందు కదలని గాలి

శబ్దం అంటే గాలి పీడనంలో వచ్చే చిన్న అలజడి. ఎంత చిన్నది? మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం సుమారు 1,01,325 పాస్కల్‌లు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు చెవి దగ్గర శబ్దం 60 డెసిబెల్‌లు అనుకుంటే, పీడనంలో వచ్చే హెచ్చుతగ్గులు 0.02 పాస్కల్. మొత్తంలో ఇది 50 లక్షల్లో ఒక వంతు.

అలజడి ఇంత చిన్నది కాబట్టే లెక్క మన చేతికి చిక్కుతుంది. గాలి కదలికను వర్ణించే అసలు సమీకరణాలు మొండివి. వాటిలో వేగాన్ని వేగంతో, వేగాన్ని సాంద్రతతో గుణించే పదాలు ఉంటాయి. 50 లక్షల్లో ఒక వంతును మళ్లీ అంతటి దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఆ పదాలు కొట్టేయగా మిగిలేదే తరంగ సమీకరణం. అది చెప్పేది ఇంతే: ఒకచోట పీడనం చుట్టుపక్కల సగటు కంటే ఎంత హెచ్చితే, అది అంత గట్టిగా వెనక్కి తగ్గాలని చూస్తుంది. ఆ బిగువు ఎంతో చెప్పేది ధ్వని వేగం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది సెకనుకు సుమారు 343 మీటర్లు. తీగ కంపనాలకు ఇదే రూపంలో ఉన్న సమీకరణాన్ని డాలంబేర్ 1747లోనే రాశాడు.

ధ్వని వేగాన్ని లెక్కగట్టబోయి న్యూటన్ అంతటివాడు దాదాపు 15 శాతం తక్కువ చెప్పాడు. అలలో నొక్కుకున్న గాలి వేడెక్కదని ఊహించుకోవడమే అందుకు కారణం. దాన్ని తర్వాత లాప్లాస్ సరిచేశాడు. ఏది వదిలేయవచ్చు, ఏది వదిలేయకూడదు అన్న పేచీ ఈ రంగంలో అప్పటి నుంచీ ఉన్నదే.

గాలి మొత్తం ఒకే వేగంతో కదిలితే

కిటికీలు మూసిన రైలుపెట్టెలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. పెట్టెలోని గాలి రైలుతో పాటే పోతోంది. వాళ్లకు అది నిలకడ గాలే. పట్టాల పక్కన నిలబడి చూసేవారికి మాత్రం వాళ్ల మాటల అలలు గాలితో పాటు కొట్టుకుపోతున్నట్టు కనిపిస్తాయి. లెక్కలో చేయాల్సిన మార్పు కూడా ఇంతే. ఒక చోట నిలబడి చూసిన మార్పు ఉన్నచోటల్లా గాలితో పాటు సాగుతూ చూసిన మార్పును పెట్టాలి. అలా వచ్చేది ప్రవాహంలోని తరంగ సమీకరణం.

అంకెలు వేద్దాం. గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వీస్తోంది. ఒకచోట కదలకుండా ఉన్న సైరన్ సెకనుకు 1000 అలలు పంపుతోంది. గాలివాలు వైపు శబ్దం సెకనుకు 353 మీటర్లు వెళ్తుంది, ఎదురుగాలి వైపు 333 మీటర్లు. కిలోమీటరు దూరానికి ఒకవైపు 2.83 సెకన్లు, మరోవైపు 3.00 సెకన్లు పడుతుంది. అల పొడవు గాలివాలున 35.3 సెంటీమీటర్లు, ఎదురుగాలిలో 33.3 సెంటీమీటర్లు.

మరి స్వరం మారుతుందా? మారదు. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. డాప్లర్ 1842లో చెప్పిన స్వరం మార్పు రావాలంటే, సైరనైనా వినేవారైనా ఒకరి దగ్గరికి ఒకరు రావాలి, లేదా దూరం కావాలి. ఇద్దరూ ఉన్నచోటే ఉండి, గాలి నిలకడగా వీస్తుంటే సెకనుకు బయల్దేరినవి 1000 అలలు, చేరేవీ 1000 అలలే. తక్కువ చేరితే మిగిలినవి దారిలో ఎక్కడ పోగుపడతాయి?

ఇప్పుడు అసలు చిక్కు. శబ్దం గట్టిదనం ఏమవుతుంది? గాలిని లోపలికీ బయటికీ తోసే ఒక సాదా జనకాన్ని, అంటే శబ్దం పుట్టించేదాన్ని, తీసుకుని, సమాన దూరాల్లో రెండువైపులా పీడనం లెక్కగడితే, ఎదురుగాలి వైపే ఎక్కువ వస్తుంది! ఎదురీదే అలలు ఒకదాన్నొకటి ఒత్తుకుని సాగుతాయి, ఆ ఒత్తిడిలో పీడనం కాస్త పెరుగుతుంది. పైన చెప్పిన గాలికి తేడా అర డెసిబెల్, చెవికి తెలియదు. ధ్వని వేగంలో 0.3 వంతు వేగమున్న ప్రవాహంలో, అంటే 0.3 మాక్ దగ్గర, తేడా 5 డెసిబెల్‌లు దాటుతుంది. జనకం తీరు మారితే ఈ అంకెలు కొంత మారతాయి. మోసుకుపోవడమే గాలి చేసే పని అయితే ఎదురుగాలిలో ఉన్నవారికే మాట ఓ పిసరు బాగా వినపడాలన్నమాట. అనుభవం ఇందుకు సరిగ్గా వ్యతిరేకం.

సమీకరణంలో తప్పు లేదు. మనం దానికి ఇచ్చిన గాలిలోనే ఒక ముఖ్యమైన సంగతి లేదు.

నేల దగ్గరి గాలి వేరు, పై గాలి వేరు

నేలను ఆనుకుని ఉన్న గాలి దాదాపు కదలదు, పైకి పోయేకొద్దీ వేగం పుంజుకుంటుంది. 1857లో జార్జ్ స్టోక్స్ పట్టుకున్నది దీన్నే. ఎదురుగాలికి వెళ్లే అల పై భాగానికి అడ్డు ఎక్కువ, కింది భాగానికి తక్కువ. పై భాగం వెనకబడుతుంది, అల మొత్తం పైకి వంగుతుంది, శబ్దం వినేవారి తల మీదుగా ఆకాశంలోకి పోతుంది. గాలివాలున ఇందుకు వ్యతిరేకం: పై భాగం ముందుకు దూసుకుపోయి అల నేలవైపు వంగుతుంది. శబ్దాన్ని వంచేది గాలి వేగం కాదు, ఎత్తును బట్టి ఆ వేగంలో వచ్చే తేడా.

ఎంత దూరం తర్వాత వినపడదు? ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ గాలి వేగం సెకనుకు 1 మీటరు పెరుగుతోందనుకుందాం. శబ్దపు దారి ఒక పెద్ద వృత్తపు ముక్కలా వంగుతుంది. ధ్వని వేగాన్ని ఆ పెరుగుదల రేటుతో భాగిస్తే వృత్తపు వ్యాసార్ధం వస్తుంది: 343ను 0.1తో భాగిస్తే 3430 మీటర్లు. ఇక మిగిలింది సముద్రం మీద పడవను చూసే లెక్కే. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దూరంగా పోయే పడవ దిగంతం కింద మునిగిపోతుంది. ఇక్కడ నేల చదునుగా ఉండి దారి వంగింది, జ్యామితి మాత్రం అదే. వ్యాసార్ధాన్ని ఎత్తుతోనూ రెండుతోనూ గుణించి వర్గమూలం తీస్తే దిగంతం ఎంత దూరమో తెలుస్తుంది. సైరన్ 5 మీటర్ల ఎత్తున ఉంటే 185 మీటర్లు. వినేవారి చెవి 1.5 మీటర్ల ఎత్తున ఉంటే 101 మీటర్లు. రెండూ కలిపితే 286 మీటర్లు. ఆ తర్వాత ధ్వని నీడ మొదలవుతుంది. నీడలోకి చేరేది నేల వెంబడి పాకివచ్చినదీ, గాలి సుడులు చెదరగొట్టినదీ మాత్రమే. నిజానికి నేలకు దగ్గరలో గాలి వేగం ఇంకా చురుగ్గా పెరుగుతుంది కాబట్టి, నీడ ఇంతకంటే ముందే పడవచ్చు.

ఈ వివరణ సరైనదో కాదో తేల్చే పరీక్ష చాలా సులువు: ఎత్తు ఎక్కి వినడమే. 1870లలో ఆస్బర్న్ రేనాల్డ్స్ గంట మోగించి అదే చేశాడు. ఎదురుగాలిలో నేల దగ్గర వినపడని గంట, పైకి లేచి వింటే వినపడింది. గాలి శబ్దాన్ని మింగలేదు, తల మీదుగా పంపించిందంతే. వేడి కూడా ఇదే ఆట ఆడుతుంది. పగలు నేల దగ్గర వేడిగా ఉంటుంది కాబట్టి శబ్దం అన్ని దిక్కులా పైకి వంగుతుంది, రాత్రి నేల చల్లబడ్డాక కిందికి వంగుతుంది. ఎక్కడో పోయే రైలు కూత రాత్రిపూట దగ్గరగా వినిపించేది అందుకే.

మైకుకు తెలియని తేడా

ఇంతవరకూ గాలి ఒక వేదిక, శబ్దం దాని మీద నడిచే పాత్ర. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుంది?

గాలిలో ఫోన్‌తో వీడియో తీసినవారికి ఆ బుసబుస తెలుసు. సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే గాలి ఎదురుగా ఉన్న వస్తువు మీద పెట్టే పీడనం సుమారు 60 పాస్కల్‌లు. మాట పీడనం 0.02 పాస్కల్. మూడు వేల రెట్ల తేడా! గాలి నిలకడగా వీయదు, విసురుతుంది, తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్లో పదో వంతు మైకును తాకినా మాట మునిగిపోతుంది. టీవీ విలేకరుల మైకులకు బొచ్చు తొడుగులు వేసేది ఇందుకే.

మైకు పొరకు రెండూ పీడనమే, తేడా తెలియదు. కానీ ఒకటి ధ్వని వేగంతో నలుదిక్కులకూ వెళ్తుంది, రెండోది సుడులతో పాటు గాలి వేగంతోనే సాగి, కాస్త పక్కకు జరిగితే మాయమవుతుంది. ఈ రెండోదాన్ని అనుకరణ శబ్దం అనవచ్చు. ఇక్కడి నుంచి లెక్క గట్టిపడుతుంది, ఎందుకంటే కొన్నిచోట్ల శబ్దాన్ని పుట్టించేది ఆ సుడులే.

లైట్‌హిల్ చేసిన పని

జెట్ ఇంజిన్లు కొత్తగా వచ్చి చెవులు చిల్లులు పడుతున్న రోజుల్లో, 1952లో జేమ్స్ లైట్‌హిల్ ఒక పత్రం ప్రచురించాడు. ప్రవాహపు అసలు సమీకరణాల్లో ఒక్క పదాన్నీ కొట్టేయకుండా అటూ ఇటూ సర్దాడు. ఎడమవైపు నిలకడ గాలి తరంగ సమీకరణాన్ని పెట్టి, అందులో ఇమడనిదంతా కుడివైపుకు నెట్టి, దానికి శబ్ద జనకం అని పేరు పెట్టాడు. దూరాన ప్రశాంతమైన గాలిలో నిలబడినవారి చెవితో చూస్తే, జెట్ ఉన్నచోట ఏవో లౌడ్‌స్పీకర్లు పెట్టినట్టే.

దీన్నుంచి వచ్చిన ఫలితం ప్రసిద్ధమైంది: ధ్వని వేగం కంటే తక్కువ వేగంతో వెళ్లే జెట్ వెదజల్లే ధ్వని శక్తి, జెట్ వేగపు ఎనిమిదో ఘాతంతో పెరుగుతుంది. ఎందుకంత నిటారుగా? ఉబ్బుతూ తగ్గే బుడగ లాంటి జనకం గాలిని నేరుగా తోస్తుంది, దాని శక్తి నాలుగో ఘాతం. అటూ ఇటూ ఊగే బలం అయితే ముందు నొక్కింది వెనక లాగుతుంది, కొంత రద్దయిపోయి ఆరో ఘాతం వస్తుంది. స్వేచ్ఛగా సుళ్లు తిరిగే గాలి కొత్తగా గాలిని చేర్చదు, బయటి బలమూ దాని మీద లేదు. ఒకవైపు నొక్కి, అడ్డంగా సాగదీయడం తప్ప దానికి వేరే దారి లేదు. తక్కువ వేగాల్లో దాదాపు అంతా రద్దయిపోతుంది. వేగం హెచ్చేకొద్దీ ఆ రద్దు పనిచేయదు, శబ్దం ఎగబాకుతుంది.

ఒక లెక్క. జెట్ వేగం సగానికి తగ్గించాలి, తోపు (విమానాన్ని ముందుకు నెట్టే బలం) మాత్రం అంతే ఉండాలి. తోపు వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి జెట్ మూతి వైశాల్యం నాలుగు రెట్లు పెంచాలి. ధ్వని శక్తి 256 రెట్లు తగ్గి, వైశాల్యం వల్ల 4 రెట్లు పెరుగుతుంది. చివరికి 64వ వంతు, అంటే 18 డెసిబెల్‌లు తక్కువ. పాత విమానాల సన్నటి ఇంజిన్లు పోయి, పెద్ద ఫ్యాన్‌తో ఎక్కువ గాలిని నెమ్మదిగా తోసే ఇంజిన్లు రావడానికి ఇంధనం ఆదా ఒక కారణమైతే, ఈ లెక్క ఇంకో కారణం.

1955లో కర్ల్ ఈ లెక్కలోకి గోడలను తెచ్చాడు. గాలిలో తీగ పాడటం దీనికి మంచి ఉదాహరణ. తీగ వెనక సుడులు వంతులవారీగా ఊడిపోతుంటాయి, తీగ మీద బలం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు రేటు గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి 0.2తో గుణిస్తే వస్తుంది. 5 మిల్లీమీటర్ల తీగ, సెకనుకు 10 మీటర్ల గాలి అయితే 400 హెర్ట్జ్. తీగ కదలకుండా బిగించినా పాడుతుంది. పాడేది గాలి. 1969లో ఫౌక్స్ విలియమ్స్, హాకింగ్స్ కలిసి కదిలే రెక్కలకూ ఈ లెక్కను విస్తరించారు. హెలికాప్టర్, ప్రొపెల్లర్, డ్రోన్ శబ్దాలను అంచనా కట్టే ప్రోగ్రాములు నేటికీ ఎక్కువగా దీని మీదే నడుస్తాయి.

అయితే పేచీ ఎక్కడ?

లైట్‌హిల్ సమీకరణం అక్షరాలా నిజం. విమర్శకుల ఫిర్యాదూ అదే. ఏదీ వదల్లేదు కాబట్టి కుడివైపున అన్నీ ఉన్నాయి: సుడులు, వేడి, గాలి శబ్దాన్ని మోయడం, వంచడం, చివరికి ఆ శబ్దం కూడా. జనకం పూర్తిగా తెలియాలంటే జవాబు ముందే తెలిసి ఉండాలి! వేగంగా పోయే జెట్ మూతికి సూటిగా ఎదురుగా నిలబడితే, హెచ్చు స్వరాలు అనుకున్నంత వినపడవు, ఎందుకంటే జెట్ లోపలి వేగం తేడాలు శబ్దాన్ని పక్కలకు వంచేస్తాయి. నిలకడ గాలి సమీకరణంతో ఆ నిశ్శబ్దాన్ని రాబట్టాలంటే, జనకంలోని ముక్కలన్నీ ఒకదాన్నొకటి కచ్చితంగా రద్దు చేసుకోవాలి. జనకాన్ని ఉజ్జాయింపుగా వేస్తే ఆ రద్దు చెడిపోతుంది.

అందుకని 1974లో లిల్లీ గీతను జరిపాడు. మోయడం, వంచడం ఎడమవైపుకు వచ్చాయి, కుడివైపు సుడులు మిగిలాయి. ఇప్పుడు ఆ నిశ్శబ్దం దానంతటదే వస్తుంది. కానీ ఇంకో తలనొప్పి వచ్చిపడింది. రెండు వేగాల గాలులు ఒరుసుకునే చోట చిన్న అలజడి దానంతటదే పెరిగి సుడిగా మారుతుంది. ఎడమవైపు సమీకరణం ఆ పెరుగుదలను కూడా పరిష్కారంగా ఇస్తుంది, అదుపు లేకుండా. అది శబ్దం కాదని గణితానికి తెలియదు, మనమే ఏదో ఒక ఉపాయంతో దాన్ని పక్కన పెట్టాలి. లైట్‌హిల్ పక్షంవారు చెప్పేది అందుకే బలంగా ఉంటుంది: నిలకడ గాలి సమీకరణం ఎప్పుడూ ఇలా పేట్రేగిపోదు.

ఈ తగవే వద్దు, మొత్తం ప్రవాహాన్ని కంప్యూటర్‌లో వేసేద్దాం అనేవాళ్లు మూడో పక్షం. 10,000 హెర్ట్జ్ అల పొడవు 3.4 సెంటీమీటర్లు. ఒక్కో అలకు పది బిందువులు పెడితే, ఒక్క ఘనపు మీటరు గాలికే రెండున్నర కోట్ల బిందువులు కావాలి. సన్నటి సుడులకు ఇవీ చాలవు. కాబట్టి ప్రవాహం ఉన్న చిన్న ప్రాంతాన్ని మాత్రం కంప్యూటర్‌కు ఇచ్చి, అక్కడి నుంచి చెవి దాకా మళ్లీ పాత సమీకరణాలతోనే సాగుతారు.

2003లో గోల్డ్‌స్టీన్ ఈ మోడళ్లన్నిటినీ ఒకే చట్రంలో కూర్చాడు. మూల ప్రవాహంగా, అంటే శబ్దం నడిచే వేదికగా, దేన్ని ఎంచుకుంటారో దాన్నిబట్టి జనకం రూపం మారుతుంది. నిలకడ గాలిని ఎంచుకుంటే లైట్‌హిల్ లెక్క వస్తుంది, పొరలు పొరలుగా సాగే జెట్‌ను ఎంచుకుంటే లిల్లీ బాట. నా మటుకు నాకు, ఎవరు ఒప్పు అన్న వాదన పదును ఇక్కడే పోయిందనిపిస్తుంది. ఏ ప్రశ్నకు ఏ ఎంపిక తక్కువ ఇబ్బంది పెడుతుందన్నదే మిగిలింది.

గోడ దగ్గర తేలని లెక్క

విమాన ఇంజిన్ గొట్టం లోపలి గోడకు సన్నటి చిల్లుల రేకు, దాని వెనక గూళ్లు ఉంటాయి. శబ్దాన్ని మింగడం వాటి పని. గాలి ఆ గోడ పక్కనుంచి దూసుకుపోతుంది. నిజానికి గోడకు ఆనుకున్న పలుచటి పొరలో వేగం సున్నాకు పడిపోతుంది. ఆ పొర చాలా పలుచన కాబట్టి వదిలేసి, గాలి నేరుగా గోడ మీద జారుతోందనుకుంటే లెక్క తేలికవుతుంది.

అప్పుడు ఒక ప్రశ్న: గోడ దగ్గర రెండువైపులా సమానం కావాల్సింది గాలి కదిలే వేగమా, కదిలిన దూరమా? నిలకడ గాలిలో రెండూ ఒకటే, ప్రవాహంలో కాదు. 1959లో ఇంగార్డ్ దూరమేనన్నాడు, 1980లో మయర్స్ దాన్ని వంపు గోడలకూ వర్తింపజేశాడు. పలుచటి పొరను నిజంగా పెట్టి చేసిన లెక్కలూ దాన్నే సమర్థించాయి. అంతా సర్దుకుందనుకున్నారు. 2009లో బ్రాంబ్లీ ఒక లోపం చూపించాడు. కాలంతో పాటు నడిపే లెక్కలో ఈ నియమం పెడితే, అల ఎంత పొట్టిదైతే అంత వేగంగా పెరుగుతుంది, దానికి హద్దు లేదు. కంప్యూటర్‌లో బిందువులు పెంచేకొద్దీ జవాబు మెరుగుపడాల్సింది పోయి ఇంకా చెడిపోతుంది. దీనికి మందు, విసిరేసిన ఆ పలుచటి పొరకు కాస్త మందం తిరిగి ఇవ్వడమే. మాట పీడనంలో వర్గాలు కొట్టేస్తే ఏమీ కాలేదు. ఇక్కడ మిల్లీమీటర్ల పొరను కొట్టేస్తే లెక్క మొత్తం కూలింది.

గాలిమర దగ్గరికి వస్తే

గాలిమర రెక్క కొస సెకనుకు 80 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకుందాం. ప్రధాన శబ్దం రెక్క వెనక అంచు దగ్గర పుడుతుంది. రెక్క మీది సుడులు ఆ అంచు దాటేటప్పుడు శబ్దంగా చెదురుతాయి. ఇక్కడ శక్తి సుమారుగా వేగపు ఐదో ఘాతం. 80 నుంచి 70 మీటర్లకు తగ్గిస్తే దాదాపు 3 డెసిబెల్‌లు తగ్గుతుంది. రాత్రిపూట కొన్ని మరలను నెమ్మదిగా తిప్పడం వెనక ఉన్నది ఇదే. నేల మీద నిలబడినవారికి రెక్క కిందికి దిగేటప్పుడు ఎక్కువ, పైకి వెళ్లేటప్పుడు తక్కువ వినపడుతుంది. అంచు నుంచి శబ్దం వెలువడే దిశ, మన వైపు వస్తున్న జనకం నుంచి అలలు ఒత్తుకోవడం, రెండూ కలిసి ఆ ఊపు శబ్దాన్ని తెస్తాయి. సగటు డెసిబెల్ అంకెలో ఆ ఊపు కనపడదు. ఫిర్యాదులు ఎక్కువగా దాని మీదే.

ఇక నివేదికల్లోని అంకె. చాలాచోట్ల వాడే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9613-2 పద్ధతి గాలివాలు పరిస్థితినే ఊహిస్తుంది: గాలి శబ్దం నుంచి వినేవారి వైపు, సెకనుకు 1 నుంచి 5 మీటర్ల వేగంతో వీస్తోందని. శబ్దం నేలవైపు వంగే రోజన్నమాట. ఎదురుగాలి రోజున అదే చోట మైకు పెడితే అంకె తక్కువ రావచ్చు. అయితే గాలిమర ఎత్తును మరవకూడదు. ఇందాకటి 286 మీటర్ల లెక్కలో 5 మీటర్ల సైరన్ బదులు 100 మీటర్ల ఎత్తున ఉన్న మరను పెడితే, దిగంతం 828 మీటర్లకు వెళ్తుంది. చెవి వాటా 101 కలిపితే నీడ మొదలయ్యేది 929 మీటర్ల దగ్గర. అంటే ఈ లెక్క ప్రకారం అరకిలోమీటరు దూరంలో ఉన్న ఇంటికి, గాలి ఎటు వీచినా, నీడ అందదు.